రక్తం రాని గాయం చెల్లదు

నేను ఫ్యాన్ని. ఫ్యాన్లు బాగుచేస్తాను కూడా. కాకినాడ సినిమా రోడ్డు వెనకాల సందులో నాలుగు మెట్లెక్కితే మోటారు వైండింగు షాపు ఉంటుంది, అది నాది. పేరు దంగేటి భావన్నారాయణ. మా షాపుకొచ్చిన ఫ్యాను తిరక్కుండా వెనక్కి వెళ్ళదు. మా షాపుకొచ్చిన మనిషి కాకినాడ కెరటాల మీద నా అభిప్రాయం వినకుండా వెనక్కి వెళ్ళడు. కెరటాలంటే సముద్రంలోవి కావు. తీరం కబడ్డీ లీగులో మా ఊరి జట్టు పేరది.

ఆ జట్టు సంగతి నాకు తెలిసినంత దాని కోచ్‌కి కూడా తెలియదు. ఎవణ్ణి కూతకి పంపాలి, ఎవణ్ణి మూలలో నిలబెట్టాలి, ఎవణ్ణి మూటాముల్లె సర్దించి ఇంటికి పంపెయ్యాలి, అన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వాళ్ళే అడగరు. పైగా ఆ సీజన్లో మరీ అన్యాయం. ఏ మ్యాచ్ చూసినా నలుగురైదుగురు బల్ల మీద కూర్చుని ఉంటారు. ఏంటయ్యా అంటే గాయాలట. ఒకడికి తొడ పట్టేసిందట. ఒకడికి మడమ బెణికిందట. ఒకడికి భుజం ‘అదోలా’ ఉందట. అదోలా ఉండటం కూడా గాయమేనా? నాకు ఒళ్ళు మండిపోయింది.

రాజోలు రంకెలు అనే జట్టు చేతిలో చిత్తుగా ఓడిపోయిన సాయంత్రం స్టేడియం గేటు దగ్గర ఒక టీవీ అమ్మాయి నా నోటి ముందు మైకు పెట్టింది. మైకు పెట్టాక నేను ఆగుతానా?

“గాయం అంటే ఏంటండీ? రక్తం రావాలండి!” అన్నాను. “చిన్నప్పుడు నేను ఏడుచుకుంటూ ఇంటికొస్తే మా అమ్మ ముందు రక్తం ఉందో లేదో చూసేదండి. ఉంటే పసుపు పెట్టేది. లేకపోతే వీపు మీద ఒక్కటిచ్చి మళ్ళీ ఆటకి తోలేది. రక్తం రాని గాయం చెల్లదండి! అది గాయం కాదు, బద్ధకం!”

చుట్టూ ఉన్న జనం ఈలలేశారు. తెల్లారేసరికి ఆ ముక్క ఊరంతా పాకిపోయింది. టీ కొట్టు దగ్గర ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా నాకు నమస్కారం పెట్టారు.

మా ఆవిడ రత్నం మాత్రం మొహం చిట్లించింది. “మీకెందుకండీ ఈ గోల? మా తమ్ముడు కూడా ఆ జట్టులోనే ఏడిశాడు కదా.”

నిజమే. మా బావమరిది మేడిశెట్టి నూకరాజు కెరటాలకి పెద్ద దిక్కు. వాడు కూతకెళ్తే అవతలి మూలలో ఉన్నవాడికి చెమటలు పడతాయి. వాడు గీత దాటి వెళ్ళినప్పుడు గ్యాలరీలో నేను కూడా ఊపిరి బిగబడతాను, వాడు తిరిగొచ్చాకే వదుల్తాను. అంత ఇష్టం నాకు వాడంటే.

“వాడి సంగతి వేరే. వాడికి దెబ్బలు తగలవు” అన్నాను.

మూడో రోజున కెరటాల ఆఫీసు నుంచి కబురొచ్చింది. జట్టు పెద్ద అధికారి పరిమి శశిభూషణ్ గారు అంతకుముందు బిస్కెట్ల కంపెనీలో పనిచేసి వచ్చాడు. బిస్కెట్లు కొనేవాళ్ళ మాట విని బిస్కెట్టుని గుండ్రం నుంచి నలుచదరం చేయించిన మనిషి. ఆ ఏడాది మా ఊళ్ళో ప్రతి స్తంభానికీ ఆయన బోర్డే వేలాడుతోంది: ‘అభిమాని మాటే మా బాట’.

“భావన్నారాయణ గారూ, మీరు మాట్లాడింది మాట కాదు, ఒక దృక్పథం” అన్నాడు నా చెయ్యి పట్టుకుని. “దాన్ని మేం సంస్థాగతం చేస్తున్నాం.”

నాకు అర్థం కాలేదు గానీ చెయ్యి మెత్తగా ఉంది. సరేనన్నాను.

పక్కనే నియమావళి అధికారి ఆకెళ్ళ రామం గారు కూర్చున్నాడు. నీటిపారుదల శాఖలో రిటైరై వచ్చినాయన. కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలెట్టాడు.

“ఒకటో అంశం. రక్తము కంటికి కనిపించినచో మాత్రమే గాయముగా పరిగణించబడును. రెండో అంశం. గాయపడిన అవయవానికి మూడు వారములు సంపూర్ణ విశ్రాంతి ఇవ్వబడును. ఆ కాలములో సదరు అవయవానికి ఎట్టి పనియూ చెప్పరాదు. మూడో అంశం. రక్తము కనిపించనిచో సదరు ఆటగాడు సంపూర్ణ ఆరోగ్యవంతుడు.”

జట్టు డాక్టరు సుభాషిణి గారు మూలన నిలబడి ఉంది. “సార్, ఎముక విరిగితేనో?” అంది.

“విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చినచో తప్పక పరిశీలిస్తామమ్మా. మేం కఠినాత్ములం కాదు.”

“బెణుకు? వాపు? కండ పట్టెయ్యడం?”

“చూడండి డాక్టరు గారూ. దెబ్బ వేరు, బెణుకు వేరు, వాపు వేరు, పట్టు వేరు, గాయం వేరు. ఆటగాళ్ళ ఒప్పందంలో సెలవు అన్నది గాయానికి మాత్రమే రాసి ఉంది. తక్కినవాటి ప్రస్తావనే లేదు. లేని ప్రస్తావనకి సెలవెలా ఇస్తాం?”

ఆ క్షణంలో నాకు రామం గారి మీద గౌరవం కలిగింది. ఇలాంటి మనిషి కాలవల శాఖలో ఉండబట్టే కదా మా జిల్లాకి సకాలంలో నీళ్ళు రాలేదు.

నన్ను ‘దృశ్య రక్త ధ్రువీకరణ సంఘం’లో అభిమాని సభ్యుడిగా వేశారు. డాక్టరు గారికి కొత్త హోదా ఇచ్చారు, రక్త పరిశీలన అధికారి. స్టెతస్కోపు తీసేసుకుని టార్చిలైటు ఇచ్చారు. నాకు పదమూడో నంబరు బనీను తొడిగి, ‘గౌరవ ఆటగాడు’ అని జట్టు జాబితాలో పేరెక్కించి, ఫొటో తీశారు. ఆ ఫొటో ఫ్రేము కట్టించి షాపులో దేవుడి పటాల పక్కన తగిలించాను. కాస్త పెద్దదే కావడంతో వినాయకుణ్ణి కొంచెం పక్కకి జరపాల్సొచ్చింది.

నియమం భేషుగ్గా పనిచేసింది. తొడ పట్టేసినవాడు, మడమ బెణికినవాడు, భుజం అదోలా ఉన్నవాడు, అందరూ మర్నాటికల్లా సంపూర్ణ ఆరోగ్యవంతులైపోయి కుంటుకుంటూ ప్రాక్టీసుకొచ్చారు. నేను గ్యాలరీలో జనానికి కొత్త నినాదం కూడా నేర్పాను. మనవాడెవడైనా కిందపడి లేవడానికి ఆలస్యం చేస్తే చాలు, అందరం కలిసి చప్పట్లు కొడుతూ “రక్తమేదీ? రక్తమేదీ?” అని అరవాలి. పాపం ఆ పిల్లలు సిగ్గుపడి చటుక్కున లేచేవారు.

అయితే మనిషన్నవాడు ఊరుకోడు కదా. ఒకరోజు ఎడమ మూల ఆడే కుర్రాడు గడ్డం గీసుకుంటుంటే బ్లేడు తగిలి తెగింది. రక్తం కనిపించింది. సంఘం సమావేశమైంది. “గాయపడిన అవయవం గడ్డము. గడ్డానికి మూడు వారాలు విశ్రాంతి. గడ్డం ఒంటరిగా ఇంట్లో కూర్చోలేదు కనుక దానితోపాటు ఆటగాడు కూడా” అని రామం గారు తేల్చాడు. వినగానే ఎంత సూక్ష్మం అనిపించింది.

అంతే. జట్టంతా పొద్దునా సాయంత్రం గడ్డాలు గీసుకోవడం మొదలెట్టారు. మీసాలు మొలవని కుర్రాడు కూడా నురగ పూసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఇంకొకడు పళ్ళు ఎంత గట్టిగా తోమాడంటే చిగుళ్ళకి విశ్రాంతి దొరికింది. ఒకణ్ణి దోమ కుట్టింది. వాడు దాన్ని చంపి అరచెయ్యి చూపించాడు. రక్తం దోమదా, ఆటగాడిదా అని సంఘంలో పెద్ద చర్చే నడిచింది. దోమ మన జట్టు సభ్యురాలు కాదు కనుక దానికి విశ్రాంతి ఇచ్చే అధికారం మనకి లేదనీ, కాబట్టి ఆటగాడికే ఇవ్వాలనీ తీర్మానించాం.

ఇలా గాయాలు లేని వాళ్ళంతా బల్ల మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటుంటే, ఆరోగ్యవంతులంతా కట్లు కట్టుకుని ఆడుతున్నారు. పక్కటెముక చిట్లినవాడొకడు కూతకెళ్ళి “కబ్” అనేవాడు, “డీ” అనడానికి ఊపిరి చాలేది కాదు. అయినా ఎలాగోలా నెట్టుకొచ్చాం. ఎలాగోలా ఏంటి, నూకరాజు నెట్టుకొచ్చాడు. వాడొక్కడే గడ్డం జోలికి పోలేదు. ఆట మానేసి కూర్చోవడం వాడికి చేతకాదు.

ఇంక ఒక్క మ్యాచ్ మిగిలింది. అది కూడా ఆ రంకెలతోనే. గెలిస్తే సెమీస్. దానికి రెండు రోజుల ముందు నూకరాజు ఒంటికాలి మీద గెంతుకుంటూ మా ఇంటికొచ్చాడు.

“ఏట్రా అది?” అంది రత్నం.

“ఏం లేదక్కా. ప్రాక్టీసులో మోకాలు టక్కుమంది, అంతే.” కుర్చీలో కూర్చోబోయి పళ్ళు బిగించాడు. “రామం గారు రత్తమొచ్చిందా అనడిగారు బావా. రాలేదన్నాను. అయితే ఎల్లుండి ఆడమన్నారు.”

ప్యాంటు పైకి తీసి చూశాను. మోకాలు మోకాల్లా లేదు, గుమ్మడికాయలా ఉంది. వాడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదన్నట్టు.

సుభాషిణి గారు సొంత ఖర్చుతో స్కానింగ్ తీయించింది. “లోపల కీలుని పట్టి ఉంచే తాడు తెగిపోయిందండి” అంది. “ఇప్పుడు ఆపితే ఆపరేషన్ చేసి నిలబెట్టొచ్చు. ఈ కాలితో ఇంకొక్క మ్యాచ్ ఆడాడా, జన్మలో మళ్ళీ కబడ్డీ ఆడలేడు. మెట్లెక్కాలన్నా గోడ పట్టుకోవాలి.”

రత్నం నావైపు తిరిగింది. ఆవిడ అరిచినప్పుడు నాకు భయం లేదు, నెమ్మదిగా మాట్లాడినప్పుడే.

“మీరు ఆ సంఘంలో సభ్యులే కదండీ. వెళ్ళి ఆపించండి. మా తమ్ముడి కాలు పోయిందంటే మీ రెండు కాళ్ళూ విరగ్గొడతాను. రక్తం చుక్క కూడా రాకుండా.”

మర్నాడు పొద్దున్నే సంఘం అత్యవసర సమావేశం పెట్టించాను. నూకరాజుని బల్ల మీద కూర్చోబెట్టాం. రామం గారు టార్చి వేసి మోకాలు చుట్టూ చూశాడు.

“రక్తం లేదు. అంతర్గత అసౌకర్యం” అన్నాడు.

సుభాషిణి గారు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకేసి పట్టుకుంది. శశిభూషణ్ గారు చాలాసేపు చూశాడు. “ఇది బ్లాక్ అండ్ వైట్‌లో ఉందేమిటి? ఎరుపు ఎలా కనబడుతుంది? కలర్ ప్రింటు తీయించి తీసుకురండి, సానుకూలంగా ఆలోచిద్దాం.”

“సార్, మోకాలి లోపల రక్తం చేరింది. అందుకే ఆ వాపు!”

“లోపల రక్తం అందరికీ ఉంటుందమ్మా” అన్నాడు రామం గారు జాలిగా. “నాకూ ఉంది.”

ఆవిడ సంచీలోంచి సిరంజి తీసి, నూకరాజు మోకాలు తుడిచి, సూది గుచ్చి వెనక్కి లాగింది. సిరంజి నిండా ఎర్రగా రక్తం. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. “చూడండి సార్! రక్తం! కంటికి కనిపిస్తోంది!”

రామం గారు కళ్ళజోడు పైకెత్తి సిరంజిని పరీక్షగా చూశాడు. “కనిపిస్తోంది, కాదనను. కానీ మోకాలి మీద కాదు, సిరంజిలో ఉంది. గాయం సిరంజికి అయినట్టు నమోదు చేయగలం.”

నమోదు చేశారు. సిరంజిని మూడు వారాల విశ్రాంతి నిమిత్తం బీరువాలో పెట్టి తాళం వేశారు.

“ఇదేం పద్ధతండీ!” అని నేను బల్ల గుద్దాను. “ఆ కాలు చూస్తే తెలియట్లేదా?”

శశిభూషణ్ గారు నా భుజం మీద చెయ్యి వేశాడు. “భావన్నారాయణ గారూ, మీ బాధ అర్థమవుతోంది. మీరు ఇప్పుడు ఆటగాడి బంధువుగా మాట్లాడుతున్నారు. మేం అభిమాని మాట వింటాం. అభిమాని ఏమన్నాడో రికార్డయి ఉంది. వినిపించమంటారా?”

వద్దన్నాను.

మ్యాచ్ రోజు స్టేడియం కిటకిటలాడింది. డ్రెస్సింగు రూములో రామం గారు జట్టు జాబితా ముందేసుకుని కూర్చున్నాడు. గడ్డాలు, చిగుళ్ళు, దోమకాట్లు అన్నీ తీసేయగా నూకరాజు కాక ఆరుగురు మిగిలారు. మ్యాచ్ మొదలవ్వాలంటే ఏడుగురు కావాలి. లేకపోతే ఆడకుండానే ఓడినట్టు.

నూకరాజు అప్పటికే మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుంటున్నాడు. “పర్లేదు బావా, నాలుగు కూతలకెళ్ళి వచ్చేత్తాను. జనం ఎదురుచూత్తన్నారు కదా” అన్నాడు. తలుపు దగ్గర రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు. తిట్టినా బాగుండేది.

“ఇంకెవరూ లేరా సార్?” అన్నాను రామం గారితో.

“ఎందుకు లేరు? జాబితాలో మరొక ఆటగాడు ఉన్నారు. పదమూడో నంబరు” అని కాగితం మీద వేలుపెట్టాడు. దంగేటి భావన్నారాయణ.

“అది గౌరవ ఆటగాడండీ! ఫొటో కోసం!”

“గౌరవం అనర్హత కాదు. అట్టి నిబంధన ఎక్కడా లేదు.”

“సార్, నాకు నలభయ్యెనిమిదేళ్ళు. మోటార్లు ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసి ఏడాదైంది. వంగితే లేవలేను.”

“రక్తం వస్తోందా?”

నేను నడుం తడుముకున్నాను.

“అయితే తమరు సంపూర్ణ ఆరోగ్యవంతులు” అన్నాడు. “నూకరాజు గారా, తమరా? త్వరగా సెలవివ్వండి.”

నూకరాజు గోడ పట్టుకుని లేచి నిలబడబోయాడు. లేచేటప్పుడు వాడి గొంతులోంచి ఒక చిన్న మూలుగు వచ్చింది. చిన్నప్పుడు నా సైకిలు ముందు కూర్చుని బీచికి వచ్చినవాడు. వాచీ తీసి రత్నం చేతిలో పెట్టాను.

“కూర్చోరా ఎదవా. నేనెళ్తాను” అన్నాను.

బనీను పొట్ట దగ్గర ఆగిపోయింది. నన్ను చూసి గ్యాలరీ గోలెత్తిపోయింది. అభిమానే ఆటగాడయ్యాడంటూ మైకులో శశిభూషణ్ గారి గొంతు వణికింది. మాలో కూతకెళ్ళేందుకు ఎవరికీ ఊపిరి లేదు. పక్కటెముక కుర్రాడు నన్ను మెల్లిగా ముందుకి తోశాడు. “మీరే వెళ్ళండి మావయ్యా. మీకు ఊపిరి ఎక్కువ, టీవీలో చూశాను.”

గీత దాటాను. “కబడ్డీ కబడ్డీ” అన్నాను. ఎవణ్ణి ఎలా తాకాలో, ఏ కాలు ఎటు వెయ్యాలో నాకన్నీ తెలుసు. తెలిసినవన్నీ గ్యాలరీలోనే ఉండిపోయినట్టున్నాయి, నాతో రాలేదు. మూడో కబడ్డీకి రంకెల జట్టువాడొకడు నా చీలమండ పట్టాడు. ఇంకొకడు నడుం పట్టాడు. మూడోవాడు ఊరికే మీద పడ్డాడు. నా నడుంలో ఏదో కళుక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కడికే వినిపించింది.

మ్యాట్ మీద బోర్లాపడి ఉన్నాను. కాలు కదపలేను, చెయ్యి ఎత్తలేను. కళ్ళల్లో నీళ్ళు. చప్పట్లు వినిపించాయి. అబ్బ, జాలిపడుతున్నారు కాబోలు అనుకున్నాను. ఆ చప్పట్లకి ఒక తాళం ఉంది.

“రక్తమేదీ? రక్తమేదీ?”

స్టేడియం మొత్తం, ఒకే గొంతుతో. ఎంత బాగా నేర్చుకున్నారో.

సుభాషిణి గారు పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. చేతిలో టార్చి. “ఎక్కడండీ?”

“నడుం” అన్నాను.

ఆవిడ టార్చి వేసి చూసి, “రక్తం లేదండి” అంది. ఆవిడ మొహం పాపం ఏడుపుమొహం. గీత అవతల నుంచి రామం గారు చెయ్యెత్తాడు. “ఆటగాడు సంపూర్ణ ఆరోగ్యవంతుడు. ఆట కొనసాగవచ్చు!”

ఇంక నాకు ఒక్క దారే కనిపించింది. కింది పెదవిని పళ్ళ మధ్య పెట్టుకుని, మా అమ్మని తలుచుకుని, కసుక్కున కొరికాను. టార్చి వెలుతురులో రక్తం బ్రహ్మాండంగా మెరిసింది. గ్యాలరీలో ఈలలే ఈలలు.

రామం గారు స్వయంగా వచ్చి వంగి చూశాడు. జేబులోంచి కలం తీశాడు. “గాయపడిన అవయవం పెదవి. పెదవి ఒంటరిగా వెళ్ళలేదు కనుక మనిషిని కూడా మోసుకెళ్ళండి. సదరు పెదవికి మూడు వారాలు సంపూర్ణ విశ్రాంతి. ఎట్టి పనియూ చెప్పరాదు.”

నన్ను స్ట్రెచర్ మీద గేటు దాటిస్తుంటే అదే టీవీ అమ్మాయి పరిగెత్తుకొచ్చి అదే మైకు నా నోటి ముందు పెట్టింది. “సార్, ఈ నియమం మీద మీ అభిప్రాయం?” నా దగ్గర బోలెడు ఉంది. నోరు తెరిచాను. రత్నం తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది.

“మాట్లాడకూడదమ్మా. గాయం” అంది.

మ్యాచ్ పోయింది. అది వేరే చెప్పాలా? నూకరాజుకి ఆ వారంలోనే ఆపరేషన్ అయింది. ఇది జరిగి చాలా నెలలైంది, నా పెదవి ఎప్పుడో మానిపోయింది. నిన్న వాడు మా షాపుకొచ్చాడు. నాలుగు మెట్లూ గోడ పట్టుకోకుండా ఎక్కాడు. రత్నం ఒక్కో మెట్టూ చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

“వచ్చే సీజన్‌కి మళ్ళీ ఆటలోకి దిగిపోతున్నాను బావా” అన్నాడు.

మరి వచ్చే సీజన్ జట్టు గురించి నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. ముఖ్యంగా ఆ ఎడమ మూల గురించి. చెబుదామని నోరు తెరిచాను.

రత్నం నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని పైకెత్తి, పెదవిని పరీక్షగా చూసింది.

“ఇంకా పచ్చిగానే ఉందండీ” అంది.